గాలిలో దుమ్ము పట్టి లోహాలు కొలవాలంటే: ఏ ఫిల్టర్, ఏ శాంప్లర్?

దీపావళి వెళ్లిన పది రోజులకి, ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న ఒక అమ్మాయి మా ల్యాబ్‌కి పదహారు ఫిల్టర్ పేపర్లు పట్టుకొచ్చింది. పండగకి ముందు ఆరు రోజులవి, పండగ మూడు రోజులవి, తర్వాత వారంవి. ఒక్కోటీ ఒక్కో కవర్లో మడతపెట్టి, పైన తేదీ, మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, గంటగంటకీ చూసిన ఫ్లో, అంటే నిమిషానికి ఎంత గాలి పీలుస్తోందో, నీటుగా రాసి ఉంది. "బేరియం, స్ట్రాన్షియం, పొటాషియం, అల్యూమినియం చూడాలి మేడమ్" అంది. అడగాల్సినవే అడిగింది. చిచ్చుబుడ్డిలో పచ్చ రంగు బేరియంది, ఎరుపు స్ట్రాన్షియంది. పైగా బాణసంచాలో బేరియం లవణాలు వాడొద్దని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. మన వీధిలో గాలి ఏమంటుందో చూడాలన్న ఆలోచన చాలా మంచిది.

ఏ ఫిల్టర్ వాడావమ్మా అని అడిగాను. గ్లాస్ ఫైబర్ అంది.

ఆ గాజులోనే బేరియం ఉంటుంది. పొటాషియం ఉంటుంది. అల్యూమినియం ఉంటుంది. తను వెతుకుతున్న నాలుగింటిలో మూడు, మెషీన్ ఆన్ చేయకముందే ఆ కాగితంలో ఉన్నాయి. పదహారు రోజులు మేడ మీద కాపలా కాసిన పిల్లకి ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది. తప్పు తనది కాదు. వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో ఉన్న మెషీన్ అది, దానికి ఎప్పుడూ తెప్పించే పేపర్ అది. ఏం కొలవాలో తేలకముందే ఎలా పట్టాలో తేలిపోయింది.

ఇలాంటి ఫోన్లు నాకు తరచుగా వస్తాయి. "ఏ శాంప్లర్ కొనమంటారు?" అన్నదే మొదటి ప్రశ్న. శాంప్లర్ అంటే గాలిని పీల్చి ఫిల్టర్ గుండా పంపే మెషీన్. నా దృష్టిలో అది ఆఖరి ప్రశ్న. ముందు మూలకాల జాబితా రాసుకోవాలి. వాటిని ఏ పరికరంతో కొలుస్తారో తేల్చుకోవాలి. ఆ పరికరానికి ఏ ఫిల్టర్ పనికొస్తుందో చూడాలి. ఆ ఫిల్టర్ ఏ శాంప్లర్‌లో పడుతుందో అప్పుడు చూడాలి. ఈ వరసలోనే ఒక్కోటీ పోల్చి చెబుతాను.

కాగితం మీద చేసుకోవాల్సిన లెక్క

2009 నవంబర్‌లో వచ్చిన మన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో ఇలాంటి మూలకాలు మూడున్నాయి. సీసానికి 24 గంటల పరిమితి క్యూబిక్ మీటరుకి 1 మైక్రోగ్రాము, ఏడాది సగటుకి 0.5 మైక్రోగ్రాము. నికెల్‌కి ఏడాది సగటు 20 నానోగ్రాములు, ఆర్సెనిక్‌కి 6 నానోగ్రాములు. మైక్రోగ్రాము అంటే 1,000 నానోగ్రాములు కాబట్టి, ఏడాది సగటు చూసుకుంటే సీసం పరిమితి ఆర్సెనిక్ పరిమితికి 80 రెట్ల పైమాటే. సీసం కోసం సరిపోయిన ఏర్పాటు ఆర్సెనిక్‌కి సరిపోతుందనుకోవడం అందుకే ప్రమాదం.

ఇప్పుడు రెండు మెషీన్లు పక్కపక్కన పెట్టుకుందాం. హై వాల్యూమ్ శాంప్లర్ నిమిషానికి 1.13 క్యూబిక్ మీటర్లు పీలుస్తుందనుకుంటే రోజుకి 1,627 క్యూబిక్ మీటర్లు. పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్నటి కణాల కోసం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వాడే లో వాల్యూమ్ శాంప్లర్ నిమిషానికి 16.7 లీటర్లు, అంటే గంటకి ఒక క్యూబిక్ మీటరు, రోజుకి 24. గాలిలో ఆర్సెనిక్ సరిగ్గా 6 నానోగ్రాములుంటే మొదటి దాని ఫిల్టర్ మీద దాదాపు 9.8 మైక్రోగ్రాములు, రెండో దాని మీద 144 నానోగ్రాములు పడతాయి. ఆ 144ని కరిగించి 25 మిల్లీలీటర్లు చేస్తే 5.8 పీపీబీ, అంటే మిల్లీలీటరుకి 5.8 నానోగ్రాములు. మంటలోకి చల్లి లోహాన్ని కొలిచే ఫ్లేమ్ ఏఏఎస్‌కి అది అందదు. మంట బదులు చిన్న గ్రాఫైట్ గొట్టంలో వేడిచేసే గ్రాఫైట్ ఫర్నేస్‌తో జాగ్రత్తగా చేస్తే వస్తుంది. పరమాణువుల్ని బరువు చొప్పున విడదీసి లెక్కపెట్టే ఐసీపీ-ఎంఎస్‌కి అసలు సమస్యే కాదు.

దాదాపు 68 రెట్లు ఎక్కువ గాలి పీలుస్తోంది కాబట్టి హై వాల్యూమే మేలు అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఇంకొక్క అడుగు వేయాలి. హై వాల్యూమ్ ఫిల్టర్ 8 అంగుళాలు, 10 అంగుళాల పెద్ద కాగితం. అంచులు పోను దుమ్ము పడే జాగా 7 అంగుళాలు, 9 అంగుళాలు, అంటే దాదాపు 406 చదరపు సెంటీమీటర్లు. 47 మిల్లీమీటర్ల చిన్న ఫిల్టర్ మీద దుమ్ము పడే జాగా దాదాపు 12 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు భాగించి చూడండి. ఒక్కో చదరపు సెంటీమీటరు మీదుగా వెళ్లిన గాలి మొదటి దాంట్లో 4 క్యూబిక్ మీటర్లు, రెండో దాంట్లో 2. అరవై ఎనిమిది రెట్ల తేడా రెండు రెట్లకి దిగిపోయింది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఫిల్టర్ తనతో తెచ్చుకునే లోహం, అంటే బ్లాంక్, చదరపు సెంటీమీటరు చొప్పునే వస్తుంది. ఉదాహరణకి ఒక కాగితంలో చదరపు సెంటీమీటరుకి 40 నానోగ్రాముల జింక్ ఉందనుకోండి. హై వాల్యూమ్‌లో వాడితే అది గాలిలో 10 నానోగ్రాములున్నట్టు కనిపిస్తుంది. అదే జింక్ 1 నానోగ్రామే ఉన్న టెఫ్లాన్ ఫిల్టర్‌ని చిన్న మెషీన్‌లో వాడితే 0.5 నానోగ్రాము. పెద్ద మెషీన్ రెండింతలు సంపాదించి పెడుతోంది, కాగితం నలభై రెట్లు తినేస్తోంది. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. మీ ఫిల్టర్ డబ్బాకి సొంత అంకెలుంటాయి, అవి కొలిచి తెలుసుకోవాల్సిందే. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఈ చిన్న భాగహారం చేసుకుని వచ్చినవి చాలా తక్కువ.

ఫిల్టర్లలో ఏది దేనికి

గ్లాస్ ఫైబర్ గట్టిది, చవక, తేమకి పెద్దగా లొంగదు, దుమ్ము బాగా పడుతుంది. మన ప్రమాణాల్లో సీసం, ఆర్సెనిక్, నికెల్ కోసం చెప్పిన ఈపీఎం 2000 అనే కాగితం ఈ జాతిదే. కాబట్టి పరిమితి దాటిందా లేదా అని కాలుష్య నియంత్రణ మండలికి రిపోర్టు ఇవ్వాలంటే, ఆ మూడింటి వరకే అయితే, ఇదే వాడండి. పద్ధతి మార్చితే రిపోర్టుకే ఎసరు. దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తోందని వెతకడం వేరే పని. దానికి అల్యూమినియం, కాల్షియం, పొటాషియం, జింక్, బేరియం అన్నీ కావాలి. గ్లాస్ ఫైబర్ సరిగ్గా వాటి దగ్గరే చేతులెత్తేస్తుంది.

క్వార్ట్జ్ ఫిల్టర్‌లో సిలికాన్ తప్ప మిగతావి చాలా తక్కువ. కార్బన్ కూడా కొలవాలంటే ఇది తప్ప దారి లేదు, ఎందుకంటే ముందే కొలిమిలో కాల్చి శుభ్రం చేసుకోవచ్చు. కానీ చాలా పెళుసు. రబ్బరు గాస్కెట్‌కి అంటుకుని అంచులు ఊడిపోతాయి. ఊడిన ముక్క కవర్లో పడితే సరే, మేడ మీద గాలికి ఎగిరిపోతే బరువు లెక్క మొత్తం పోయినట్టే. క్వార్ట్జ్ అని అమ్మే కాగితాల్లోనూ కొన్నింటిలో గట్టిదనం కోసం కాస్త బోరోసిలికేట్ గాజు కలుపుతారు. డబ్బా మీద పేరు చూసి వదిలేయకుండా లోపలి కాగితం కూడా చదవండి.

సెల్యులోజ్, అంటే వాట్‌మన్ 41 లాంటిది, లోహాల విషయంలో చాలా శుభ్రమైనది, యాసిడ్‌లో ఇట్టే కరిగిపోతుంది. కానీ దూది దూదే కదా, తేమ పీలుస్తుంది. విశాఖలో ఆగస్టు నెలలో దాన్ని తూకం వేసి చూడండి, కాటా మీద అంకె నిలబడదు. బాగా సన్నటి కణాలు కొన్ని దాంట్లోంచి జారిపోతాయి కూడా. పీఎం బరువు అక్కర్లేదు, లోహాలు చాలు, అవీ లావుపాటి దుమ్ములోవే అనుకుంటే మాత్రం మంచి బేరం.

టెఫ్లాన్ పొర, అంటే పీటీఎఫ్ఈ, అంచున ప్లాస్టిక్ రింగుతో వచ్చే 47 మిల్లీమీటర్ల చిన్న బిళ్ల, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. బ్లాంక్ చాలా తక్కువ. తేమ పట్టదు. దుమ్ము పైపైనే నిలుస్తుంది కాబట్టి, ఎక్స్‌రేలు వేసి మూలకాల్ని గుర్తించే ఎక్స్ఆర్ఎఫ్‌కి ఇంతకంటే బాగుండేది లేదు. ఎక్స్ఆర్ఎఫ్‌లో ఫిల్టర్ పాడవదు, ఆ తర్వాత అదే ఫిల్టర్‌ని కరిగించి ఐసీపీ-ఎంఎస్‌కి పంపొచ్చు. ఒక్క శాంపిల్‌తో రెండు జవాబులు. ఇబ్బందులూ ఉన్నాయి. ధర ఎక్కువ. దుమ్ము ఎక్కువున్న రోజున త్వరగా మూసుకుపోయి ఫ్లో పడిపోతుంది. నీటిని దగ్గరికి రానివ్వదు కాబట్టి యాసిడ్‌లో వేస్తే పైకి తేలుతుంది. ముందు రెండు చుక్కల ఆల్కహాల్‌తో తడిపితే దారికొస్తుంది.

ఫ్యాక్టరీల్లో మనిషి ఒంటి మీద పెట్టే క్యాసెట్లలో మిక్స్‌డ్ సెల్యులోజ్ ఎస్టర్ వాడతారు, నైట్రిక్ యాసిడ్‌లో పూర్తిగా కరుగుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కణాల్ని ఒక్కొక్కటిగా చూడాలంటే నున్నటి పాలికార్బొనేట్ కావాలి. స్టాటిక్ కరెంటుతో అది చేతికి అతుక్కుపోతుంది, ఓపిక పట్టాలి.

ఇక మెషీన్లు

మన దగ్గర ఎక్కువగా కనిపించేది సైక్లోన్, అంటే గాలిని సుడి తిప్పి పెద్ద కణాల్ని విడదీసే భాగం, ఉన్న రెస్పిరబుల్ డస్ట్ శాంప్లర్, అందరూ ఆర్‌డీఎస్ అనేది. పది మైక్రాన్ల పైబడిన కణాలు కింద కప్పులో పడతాయి, మిగతావి ఫిల్టర్‌కి చేరతాయి. గట్టి మెషీన్, ఎక్కడైనా బాగుచేస్తారు. పెద్ద కాగితం కాబట్టి ఒకే ఫిల్టర్‌లోంచి ఒక పట్టీ లోహాలకి, ఒకటి అయాన్లకి, ఒకటి దాచుకోవడానికి కోసుకోవచ్చు. నిజమైన సౌలభ్యం అది. కప్పులో పడ్డ దుమ్మును కూడా లోహాలకి పంపి గాలి లెక్కల్లో కలిపేవాళ్లున్నారు. వద్దు. సైక్లోన్ గోడలకి ఎంత అంటుకుందో ఎవరూ చెప్పలేరు. ఆ కప్పు దుమ్ము ఏ జాతిదో తెలుసుకోవడానికి మాత్రమే.

దీని అసలు బలహీనత మోటారులో ఉంది. బ్రష్ మోటారు తిరిగే కొద్దీ లోపలి రాగి అరిగి, సన్నటి పొడిగా వెనకనుంచి బయటికొస్తుంది. ఒకసారి మేం రెండు శాంప్లర్లు ఒకే మేడ మీద కాస్త దగ్గరగా పెట్టాం. ఫలితాల్లో ఒకదాంట్లో రాగి మామూలుగా ఉంది, రెండోదాంట్లో కొన్ని రోజులు విపరీతంగా ఉంది. చుట్టుపక్కల రాగి పని చేసే షెడ్డు కూడా లేదు. గాలి దిశ నోట్‌బుక్ తీసి చూస్తే, మొదటి మెషీన్ మీదుగా రెండోదాని వైపు గాలి వీచిన రోజులే అవన్నీ. ఆ నెల రాగి అంకెలు మొత్తం కొట్టేశాం. అప్పట్నుంచి వెనక గొట్టం తగిలించి గాలి వెళ్లే దిక్కున దూరంగా వదులుతున్నాం. రాగి మీ జాబితాలో ఉంటే బ్రష్ లేని మోటారున్నదే తీసుకోండి, ఈ ఒక్క విషయంలో ఖర్చుకి వెనకాడొద్దు. సముద్రం దగ్గరైతే ఇంకో మాట కూడా. జీఐ, అంటే జింక్ పూత ఉన్న ఇనుప రేకుతో చేసిన పైకప్పు ఉప్పుగాలికి తెల్లగా పొడి రాలుస్తుంది. ఆ తెల్ల పొడి జింక్.

కరెంటు కూడా చూసుకోండి. వోల్టేజీ ఎగుడుదిగుడైతే ఫ్లో ఎగుడుదిగుడవుతుంది. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి మర్నాడు ఆరింటికి చూసిన రెండు అంకెల సగటు సరిపోదు. గంటగంటకీ రాయలేకపోతే, ఫ్లోని తనే సరిచేసుకుని రికార్డు చేసుకునే మెషీన్ కావాలి.

లో వాల్యూమ్ పీఎం 2.5 శాంప్లర్ ఆ పని తనే చేస్తుంది. టెఫ్లాన్ బిళ్ల దీనికే. కానీ ఇది ఒంటరిగా రాదు, వెనక ఒక తూకం గది కావాలి. గాలిలో పీఎం 2.5 మన 24 గంటల పరిమితి 60 మైక్రోగ్రాములంత ఉన్నా ఫిల్టర్ మీద పడేది 1.44 మిల్లీగ్రాములు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు చూపే కాటా, 20 నుంచి 23 డిగ్రీల దగ్గర, 30 నుంచి 40 శాతం తేమ దగ్గర నిలిచే గది ఉంటేనే ఆ తూకానికి అర్థం. అది అమెరికా పద్ధతి అడిగే షరతు. మన కోస్తా ఊళ్లలో ఏసీ ఒక్కటే పెట్టి ఆ తేమ సాధించడం కష్టం, డీహ్యూమిడిఫయర్ కూడా కావాలి. మెషీన్ కొటేషన్‌లో ఆ ఖర్చు కనబడదు. లోపల పెద్ద కణాల్ని ఆపడానికి సిలికోన్ నూనె వాడే రకాలున్నాయి. సిలికాన్ కొలిచేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పీఎం 2.5 ఒక్కటీ చాలా? మూలకాన్ని బట్టి ఉంటుంది. థర్మల్ స్టేషన్లో బొగ్గు మండినప్పుడు ఆర్సెనిక్, సెలీనియం ఆవిరై, చల్లబడేటప్పుడు సన్నటి కణాల మీద పేరుకుంటాయి. వాటికి పీఎం 2.5 కావాలి. బండి బ్రేకులు అరిగితే వచ్చే రాగి, యాంటిమొనీ, బేరియం ఎక్కువగా 2.5 మైక్రాన్ల పైనే ఉంటాయి, పీఎం 10 లేకపోతే చాలావరకు చేజారిపోతాయి. పోర్టు దగ్గర బొగ్గు కుప్పలు, ఐరన్ ఓర్ దుమ్ము లావుపాటివి. ఓడల హెవీ ఆయిల్ పొగలో వెనేడియం, నికెల్ సన్నటివి. విశాఖ లాంటి చోట రెండూ పెట్టడమే న్యాయం.

సైజుల వారీగా విడదీసే క్యాస్కేడ్ ఇంపాక్టర్ చూడ్డానికి ఆశ పుట్టిస్తుంది. ఎనిమిది అంచెల ఆండర్సన్ రకం నిమిషానికి 28.3 లీటర్లు పీలుస్తుంది, రోజుకి దాదాపు 40 క్యూబిక్ మీటర్లు. ఆ కాస్త దుమ్మూ ఎనిమిది పళ్లేల్లో పంచుకుపోతుంది. రెండు మూడు రోజులు నడిపితే తప్ప ఒక్కో పళ్లెంలో కొలవగలిగినంత లోహం ఉండదు. కణాలు ఊపిరితిత్తుల్లో ఎంత లోతుకి వెళ్తాయన్నదే మీ ప్రశ్న అయితే ఇది కావాలి. కాకపోతే వద్దు.

పనిచేసే చోట కథ వేరు. పాత బ్యాటరీలు కరిగించే షెడ్డులో, వెల్డింగ్ దగ్గర, మేడ మీద మెషీన్ పెట్టి ప్రయోజనం లేదు. కార్మికుడి నడుముకి చిన్న పంపు, కాలర్ దగ్గర 37 మిల్లీమీటర్ల క్యాసెట్, నిమిషానికి 2 లీటర్లు. ఎనిమిది గంటల షిఫ్టుకి 0.96 క్యూబిక్ మీటరు. ఇంత తక్కువ గాలేనా అని కంగారు పడక్కర్లేదు. అమెరికాలో పని స్థలాల్లో సీసం పరిమితి 50 మైక్రోగ్రాములు. ఆ స్థాయిలో ఫిల్టర్ మీద 48 మైక్రోగ్రాములు పడతాయి, 25 మిల్లీలీటర్లలో దాదాపు 1.9 పీపీఎం, అంటే మిల్లీలీటరుకి 1.9 మైక్రోగ్రాములు. ఏ జిల్లా ల్యాబ్‌లోనైనా ఉండే ఫ్లేమ్ ఏఏఎస్ చాలు. క్యాసెట్ లోపలి గోడలకి అంటుకున్న దుమ్మును కూడా తుడిచి కలపండి, లేకపోతే ఆ మనిషి పీల్చింది తక్కువగా రాసినవాళ్లమవుతాం.

డబ్బు లేనివాళ్లకి ఏ దారీ లేదా అని అడుగుతారు. ఉంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో అటవీ శాఖ పరిశోధకులు 2013 డిసెంబర్‌లో చెట్ల మీది నాచు 346 శాంపిళ్లు సేకరించారు. గాలి కొలిచే స్టేషన్లు కొన్నే ఉన్న ఊరది. నాచులో కాడ్మియం ఎక్కడ ఎక్కువుందో మ్యాపు గీస్తే, రంగు గాజు తయారుచేసే చోట్ల చుట్టూ ఎర్రగా తేలింది. ఆ తర్వాతే అక్కడ గాలి శాంప్లర్లు పెట్టి నిర్ధారించారు. నాచు క్యూబిక్ మీటరుకి ఎన్ని నానోగ్రాములో చెప్పదు, మెషీన్ ఎక్కడ పెట్టాలో చెబుతుంది. ఎండలు మండే మన ఊళ్లలో అలాంటి నాచు అన్నిచోట్లా ఉండదు. దాని బదులు పైనుంచి రాలే దుమ్మును పట్టే డస్ట్‌ఫాల్ జాడీలు వీధివీధికీ నెల రోజులు పెట్టొచ్చు. లావు దుమ్మే పడుతుంది, సన్నటిది పడదు, అయినా తొలి మ్యాపుకి పనికొస్తుంది.

అరచేతిలో ఇమిడే చవక సెన్సార్లు లోహాల గురించి ఏమీ చెప్పవు. గంటగంటకీ లోహాలు చెప్పే ఆటోమేటిక్ ఎక్స్ఆర్ఎఫ్ మెషీన్లు ఉన్నాయి కానీ విద్యార్థి బడ్జెట్‌కి అందవు. పాదరసం చాలావరకు ఆవిరిగా ఉంటుంది, ఏ ఫిల్టరూ దాన్ని పట్టలేదు, దానికి బంగారు పూత ఉన్న ట్రాప్ కావాలి. క్రోమియంలో విషపు రూపమైన క్రోమియం సిక్స్ విడిగా కావాలంటే పూత పూసిన ప్రత్యేక ఫిల్టర్ కావాలి, మామూలు పద్ధతిలో మొత్తం క్రోమియమే తెలుస్తుంది.

ల్యాబ్‌తో ముందే మాట్లాడుకోవాల్సినవి

ఎక్స్ఆర్ఎఫ్‌లో ఒక్కో మూలకానికి సొంత గీతలుంటాయి, వాటితోనే గుర్తుపడతారు. ఆర్సెనిక్ ప్రధాన గీత, సీసం గీత దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. బ్యాటరీ షెడ్ల దగ్గర పట్టిన ఫిల్టర్‌లో ఆర్సెనిక్‌ని ఎక్స్ఆర్ఎఫ్‌తో నమ్మకంగా చెప్పడం కష్టం. బేరియం, టైటానియంలది కూడా ఇదే తగువు, కాబట్టి దీపావళి ఫిల్టర్లు ఇచ్చేటప్పుడు ఆ మాట ల్యాబ్ వాళ్లని తప్పకుండా అడగండి.

ఐసీపీ-ఎంఎస్‌కి వేరే తగువులున్నాయి. ఆర్గాన్, క్లోరిన్ కలిస్తే సరిగ్గా ఆర్సెనిక్ బరువు 75 వస్తుంది. ఆర్గాన్, సోడియం కలిస్తే రాగి బరువు 63. సముద్రం ఒడ్డున పట్టిన ఫిల్టర్ నిండా ఉప్పే కదా. హైదరాబాద్‌లో బాగా వచ్చిన పద్ధతి విశాఖలో ఆర్సెనిక్‌ని ఎక్కువ చేసి చూపొచ్చు. ఇలాంటి తప్పుడు జతల్ని వడగట్టే హీలియం కొలిజన్ సెల్ ఉందా, రాగిని దాని రెండో బరువు 65 దగ్గర కూడా చూస్తారా అని అడగండి. కరిగించేటప్పుడు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడకపోతే మట్టి ఖనిజాల్లోని అల్యూమినియం, టైటానియం పూర్తిగా బయటికి రావు. ఆ యాసిడ్ అలవాటు లేనివాళ్లు ముట్టుకోకూడదు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. మట్టి మూలకాలే ముఖ్యమైతే కరిగించకుండా ఎక్స్ఆర్ఎఫ్ చేయించుకోవడమే నయం. అమెరికా కొలతల ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ వాళ్ల 1648ఎ అనే పట్టణ దుమ్ము ప్రమాణం ఉంది, సెయింట్ లూయిస్‌లో పోగుచేసింది. మీ శాంపిళ్లతో పాటు దాన్నీ కరిగించి, అందులో ఎంత శాతం తిరిగి వచ్చిందో చూపమని అడగడం మీ హక్కు.

బ్లాంకుల గురించి ఎంత చెప్పినా తక్కువే. పది ఫిల్టర్లకి కనీసం ఒకటి ఫీల్డ్ బ్లాంక్ ఉండాలి. అంటే ల్యాబ్‌లో డ్రాయర్‌లో ఉంచడం కాదు. మేడ మీదికి తీసుకెళ్లి, మెషీన్‌లో బిగించి, ఆన్ చేయకుండా తీసి, మిగతావాటితో పాటు అదే కవర్లో, అదే బండి మీద తిరిగి తేవడం. పౌడర్ లేని గ్లవ్స్, ప్లాస్టిక్ పట్టకారు వాడండి. స్టీలు పట్టకారు గీసుకుంటే క్రోమియం, నికెల్ వచ్చి చేరతాయి. మడతపెట్టాల్సి వస్తే దుమ్ము ఉన్న ముఖాలు లోపలికి.

విజయదశమికి మన దగ్గర మెషీన్లకి ఆయుధపూజ చేస్తాం. చేయాలి కూడా, ఏడాదంతా ఎండకీ వానకీ మన కోసం తిరిగేవి అవే. కానీ పసుపు, కుంకుమ బొట్లు మోటారు పెట్టె తలుపు మీద పెట్టండి, పైకప్పు దగ్గర, ఫిల్టర్ బిగించే చోట వద్దు. కల్తీ పసుపులో లెడ్ క్రోమేట్ కలుపుతారన్నది తెలిసిన సంగతే. నేను పూజ ముందు రోజు ఫిల్టర్ తీసేసి, పూజయ్యాక తడిగుడ్డతో తుడిచి, మర్నాడు ఒక బ్లాంక్ పెట్టి, ఆ తర్వాతే శాంపిల్ మొదలుపెడతాను.

నన్నడిగితే

మండలి రిపోర్టుకి సీసం, నికెల్, ఆర్సెనిక్: ఆర్‌డీఎస్ లేదా పీఎం 10 హై వాల్యూమ్, ఈపీఎం 2000, వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 కొలతలు. ఆర్సెనిక్‌కి మాత్రం ఫ్లేమ్ ఏఏఎస్‌తో సరిపెట్టుకోకండి. దుమ్ము మూలాలు వెతకడానికి: పక్కపక్కన రెండు లో వాల్యూమ్ శాంప్లర్లు, ఒకదాంట్లో టెఫ్లాన్, ఒకదాంట్లో క్వార్ట్జ్. డబ్బు ఒక్కదానికే ఉంటే టెఫ్లాన్. చేతిలో హై వాల్యూమ్ మాత్రమే ఉండి కొత్తది కొనలేకపోతే, మెషీన్ మార్చకండి, కాగితం మార్చండి. అదే మెషీన్‌లో క్వార్ట్జ్ లేదా సెల్యులోజ్ పెద్ద కాగితం పడుతుంది. డబ్బా మొత్తం కొనేముందు రెండు కాగితాలు సంపాదించి, ఖాళీవే కరిగించి, మీ జాబితాలోని మూలకాలన్నీ చూసుకోండి.

ఆ అమ్మాయికి చివరికి ఈ ఆఖరి సలహానే ఇచ్చాను. పాత పదహారు ఫిల్టర్లలో పీఎం 10 బరువులు పనికొచ్చాయి, సీసం పనికొచ్చింది. మిగతా జాబితా మరుసటి ఏడాదికి వాయిదా వేసుకుంది. ఆ ఏడాది దీపావళికి నెల ముందే ఫోన్ చేసి, రెండు ఖాళీ క్వార్ట్జ్ కాగితాలు తెచ్చి ఇచ్చి, "ముందు వీటిలో బేరియం ఎంతుందో చెప్పండి మేడమ్, ఆ తర్వాతే డబ్బా కొంటాను" అంది. పండగ రాత్రి 24 గంటల శాంపిల్‌లో కాల్చిన మూడు నాలుగు గంటలు కలిసిపోతాయని, ఈసారి ఆరేసి గంటలకి ఒక కాగితం మార్చింది. అర్ధరాత్రి పన్నెండింటికి మేడ మీద, వాళ్ల తమ్ముడు టార్చి పట్టుకుంటే, గ్లవ్స్ వేసుకుని కాగితం మారుస్తున్న ఫోటో పంపింది. మెషీన్ పక్కన ఇటుక మీద చిన్న కవరు ఒకటి పెట్టి ఉంది, దాని మీద పెద్దక్షరాలతో రాసింది: ఫీల్డ్ బ్లాంక్.